తిరుపతి ముసురు, కోరీ చేపల గుడ్లు

కార్తీక మాసం. రెండు రోజులుగా ముసురు పట్టి ఉంది. కపిలతీర్థంలో జలపాతం దూకుతోందని తెలిసి తిరుపతి జనం గొడుగులు పట్టుకుని చూడ్డానికి వెళ్తుంటారు. అదే ఉదయం ఊళ్లో ఏదో ఒక ఇంట్లో, హాల్లో పెట్టుకున్న రెండడుగుల అక్వేరియం అద్దానికి లోపలివైపు ఆవగింజంత గుడ్లు నలభై, యాభై అంటుకుని కనిపిస్తాయి. లేత పసుపు రంగులో, గుండ్రంగా, దేనికది విడిగా ఉంటాయి. చాలా ఇళ్లలో వాటి కథ ఆ పూటతోనే అయిపోతుంది. నత్త గుడ్లనుకుని ఇంట్లోవాళ్లే స్పాంజితో తుడిచేస్తారు. తుడవకపోతే మధ్యాహ్నంలోపు ట్యాంకులోని చేపలే తినేస్తాయి. నత్త గుడ్లయితే జిగురు ముద్దలో గుంపుగా ఉంటాయి. విడివిడిగా, వేలికి గట్టిగా తగిలేవి కోరిడోరాస్ గుడ్లు.

కోరిడోరాస్‌ను (పొట్టిగా కోరీ) మన షాపుల్లో ‘అడుగు క్లీన్ చేసే చేప’ అని అమ్ముతారు. ఈ ఒక్క మాట ఆ చేపకు చేసిన కీడు ఇంతా అంతా కాదు. కోరీ మూతి ఎప్పుడూ ఇసుకలోనే ఉంటుంది కాబట్టి అది చెత్త తిని బతుకుతుందని నమ్మేస్తారు. నిజానికి అది ఇసుకలో పురుగులు, చిన్న ప్రాణులు వెతుక్కుంటుంది. మలం తినదు. పై చేపలు వదిలేసిన రెండు పలుకులతో సరిపెట్టుకుని అర్ధాకలితో ఉన్న ఆడచేప కడుపులో గుడ్లు తయారు కావు. ‘మూడేళ్లుగా మా ట్యాంకులో ఉన్నాయి, ఒక్కసారీ గుడ్లు పెట్టలేదు’ అనేవాళ్లు ముందు చూసుకోవాల్సింది రాత్రి లైటు ఆర్పాక వాటికంటూ విడిగా తిండి పడుతోందా లేదా అన్నది.

రెండో కారణం ఎండ. కోరీలను గుడ్లు పెట్టించడం గురించి దొరికే సలహాల్లో ఎక్కువ భాగం చలి దేశాలవాళ్లు తమ ఇళ్లను బట్టి రాసుకున్నవి. అక్కడ ట్యాంకు కొన్న రోజే హీటర్ కొంటారు. గుడ్ల కోసం హీటర్ తగ్గించి, చల్లటి నీళ్లు పోస్తే చాలు, ఏ నెలలోనైనా వానాకాలం వచ్చిందని చేపను నమ్మించవచ్చు. తిరుపతిలో ఏప్రిల్‌లో అదే ప్రయత్నం చేస్తే ఐసు ముక్కలు కరిగిన గంటకు నీళ్లు మళ్లీ 32 డిగ్రీలకు వస్తాయి. చేపకు మిగిలేది ఒత్తిడి మాత్రమే. ఇక్కడ ఈ పనికి ఏడాదిలో ఒకే సీజన్ ఉంది. రైతుల లెక్కలో చెప్పాలంటే స్వాతి కార్తె నుంచి జ్యేష్ఠ కార్తె దాకా, అంటే అక్టోబరు చివరి వారం నుంచి డిసెంబరు మధ్య వరకు. మిగతా పది నెలల్లో చేయాల్సిందల్లా ఆ ఏడు వారాలకు చేపను ఆరోగ్యంగా అందించడం. ఈ లెక్క ఒంటబట్టినవాళ్లకు కోరీలు గుడ్లు పెట్టడం పెద్ద వింత కాదు.

కోరీ దక్షిణ అమెరికా చేప. మన జెల్ల, వాలుగ, మార్పుల లాగే మీసాలున్న క్యాట్‌ఫిష్ వర్గానిది. ఒంటికి రెండు పక్కలా రెండేసి వరసల ఎముక పలకలు ఇంటి పెంకుల్లా కప్పుకుని ఉంటాయి. గ్రీకులో కోరీ అంటే శిరస్త్రాణం, డోరాస్ అంటే తోలు. 1803లో ఫ్రెంచి శాస్త్రవేత్త లాసెపేడ్ పెట్టిన పేరు అది. షాపుల్లో ‘పెప్పర్డ్ కోరీ’ అనే మచ్చల చేపను బీగిల్ ఓడ ప్రయాణంలో చార్లెస్ డార్విన్ సేకరించాడు. 1842లో జెనిన్స్ దానికి శాస్త్రీయ వర్ణన రాశాడు. 1878లో పారిస్‌లో కార్బోనియే అనే ఆయన దాన్ని తొట్టిలోనే గుడ్లు పెట్టించాడు. కరెంటు మోటారు, ఫిల్టరు లేని కాలంలోనే ఇది సాధ్యమైందన్న సంగతి గుర్తుంచుకుంటే, ఖరీదైన సామాన్లు లేవన్న బెంగ అక్కర్లేదని తెలుస్తుంది. 2024లో శాస్త్రవేత్తలు ఈ పెద్ద ప్రజాతిని కొన్ని ప్రజాతులుగా విడగొట్టారు. దాంతో మనకు తెలిసిన చాలా కోరీల శాస్త్రీయ నామాలు మారిపోయాయి. షాపులో మాత్రం అన్నీ కోరీలే.

ఎండ సంగతి కొంచెం లోతుగా చూడాలి, ఎందుకంటే ఇక్కడి ట్యాంకుల్లో చాలా నష్టం అక్కడే జరుగుతుంది. నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. 25 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో సుమారు 8.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పడుతుంది, 30 దగ్గర 7.6. తేడా చిన్నదే అనిపిస్తుంది. కానీ వేడిలో చేప ఒళ్లు ఎక్కువ ఆక్సిజన్ అడుగుతుంది, ఫిల్టరులో ఉండి నీళ్లు శుభ్రం చేసే బాక్టీరియా కూడా ఎక్కువే అడుగుతుంది. రాబడి తగ్గి ఖర్చు పెరిగిన ఇల్లు లాంటి పరిస్థితి అది. కోరీకి ఇక్కడ ఒక అదృష్టం ఉంది. మార్పు చేప లాగే ఇదీ పైకి వచ్చి గాలి మింగగలదు. ఆ గాలిలోని ఆక్సిజన్‌ను పేగు వెనక భాగంతో పీల్చుకుంటుంది. గంటకోసారి పైకి దూసుకొచ్చి బుడగ మింగి కిందికి పోతే కంగారు పడనక్కర్లేదు, అది దాని సహజ అలవాటు. నిమిషానికోసారి వస్తుంటే మాత్రం నీళ్లు బాగాలేవని అర్థం.

ఈ గాలి మింగే గుణమే పెంచేవాళ్లను మోసం చేస్తుంది కూడా. ఎండాకాలం కరెంటు పోయి ఎయిర్ పంపు ఆగితే టెట్రాల లాంటి చిన్న చేపలు పోతాయి, కోరీలు మిగులుతాయి. ‘గట్టి చేపరా ఇది’ అని మెచ్చుకుంటారు. బతికిందంటే బాగుందని కాదు. నెలల తరబడి 31, 32 డిగ్రీల్లో ఉన్న ఆడచేప తిన్నదంతా ప్రాణం నిలుపుకోవడానికే ఖర్చుపెడుతుంది. దసరా నాటికి అది నాజూగ్గా, పొట్ట లోపలికి పోయి ఉంటుంది. ఆ చేపకు ఎంత మంచి వాన చూపించినా ఇవ్వడానికి దాని దగ్గర ఏమీ ఉండదు.

చేపల మలం, మిగిలిన తిండి నుంచి పుట్టే అమ్మోనియా దెబ్బ దీనికి తోడు. నీటి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 7 ఉంటే మొత్తం అమ్మోనియాలో విషంగా పనిచేసే వాటా అర శాతం దరిదాపుల్లో ఉంటుంది. పీహెచ్ 8కి పోతే అదే 5 శాతం దాటుతుంది, వేడి పెరిగితే ఇంకా ఎక్కువ. అంటే అదే చెత్త, అదే ట్యాంకు, విషం మాత్రం పది రెట్లు. రాతి నేలల్లో బోరు నీళ్లు గట్టిగా, పీహెచ్ ఎక్కువగా ఉండే వీధుల్లో ఈ లెక్క తెలియక చేపలు పోగొట్టుకుంటారు.

అందుకే చేపను ఎంచుకోవడంలోనే సగం పని ఉంది. పెప్పర్డ్ కోరీ పరానా నది దిగువన, ఉరుగ్వే వైపు ఏర్లలో పుట్టిన చేప, అక్కడ చలికాలం నిజంగానే చల్లగా ఉంటుంది. పాండా కోరీ పెరూలో ఆండీస్ కొండల నుంచి దిగే ఏటి నీళ్లది. ఈ రెండూ 20 నుంచి 25 డిగ్రీల మధ్య హాయిగా ఉంటాయి. పలమనేరు, కుప్పం వైపు పీఠభూమి మీద ఉన్న ఇళ్లలో వీటిని ప్రయత్నించవచ్చు. తిరుపతి, శ్రీకాళహస్తి మైదానంలో ఏసీ లేని గదిలో పాండాను ఎండాకాలం దాటించడం చేపకు శిక్ష. బ్రాంజ్ కోరీ, దాని తెల్లరకం అల్బినో మధ్యస్థం: 22 నుంచి 26 వాటి ఇష్టం, ఇంకాస్త వేడినీ ఓర్చుకుంటాయి. మన వాతావరణానికి బాగా సరిపోయేది స్టెర్బాయి. నల్లటి ఒంటి మీద తెల్లటి చుక్కలు, నారింజ రంగు ముందు రెక్కలు. 28 డిగ్రీల దాకా అది ఇబ్బంది పడదు. ధర ఎక్కువే, కానీ ఎండకు పోయిన రెండు జతల పాండాల కన్నా ఆరోగ్యంగా ఉన్న ఒక స్టెర్బాయి గుంపు మేలు. మొదటిసారి చేసేవాళ్లు మాత్రం బ్రాంజ్‌తో మొదలుపెట్టడం మంచిది. గుడ్లు ఎక్కువ పెడుతుంది, ఒకటి రెండు తప్పులు క్షమిస్తుంది. గులాబీ, ఆకుపచ్చ రంగుల్లో మెరిసే కోరీలు కనిపిస్తే కొనొద్దు. చాలావరకు అల్బినో చేపకు కృత్రిమంగా రంగెక్కించి అమ్మేవి అవి. ఆ రంగు కొన్ని నెలల్లో పోతుంది, చేప పడిన బాధ పోదు.

ఇక్కడికి చేపలు ఎక్కువగా చెన్నై కొళత్తూరు నుంచే వస్తాయి. దేశంలో అలంకార చేపల పెంపకానికి పేరుపడ్డ చోటు అది, తిరుపతికి మూడు నాలుగు గంటల దారి. కోరీల ప్రయాణంలో ఒక జాగ్రత్త ఉంది. ముందు రెక్కల్లోని ముల్లును అవి అడ్డంగా లాక్ చేసుకుంటాయి, ఆ ముల్లు ప్లాస్టిక్ కవరును గుచ్చేస్తుంది. బాగా బెదిరితే రెక్కల మొదట్లోని గ్రంథుల నుంచి విషపదార్థం వదులుతాయి. చిన్న కవరులో అది వాటికే ప్రమాదం. కవరులో నీళ్లు నురగ కడుతున్నాయంటే దారిలోనే నీళ్లు మార్చాలి. రెండు కవర్లు ఒకదానిలో ఒకటి వేసి, కొద్ది చేపల్నే పెట్టించుకుని, తెల్లవారుజామున తెచ్చుకోవడం మంచి పద్ధతి.

నీళ్ల విషయంలో తిరుపతిలో ఒక వీధికీ ఇంకో వీధికీ పోలిక ఉండదు. కళ్యాణి డ్యామ్ నీళ్లు, తెలుగుగంగ నీళ్లు, అపార్ట్‌మెంటు బోరు, మధ్యలో ట్యాంకరు. ఒకే ఇంట్లో నెలకో రకం కుళాయిలో రావచ్చు. నీటిలో కరిగిన ఉప్పులను కొలిచే చిన్న టీడీఎస్ మీటరు ఒకటి ఉంటే ఈ అయోమయం తగ్గుతుంది. టీడీఎస్ 300 లోపు ఉన్న నీళ్లలో బ్రాంజ్, పెప్పర్డ్ కోరీలు ఇబ్బంది లేకుండా గుడ్లు పెడతాయి. బోరు నీళ్లు 800 చూపిస్తే వాటర్ ప్లాంటు నుంచి తెచ్చుకునే 20 లీటర్ల క్యాను (ఆర్వో) నీళ్లు కలిపి దించుకోవాలి. ఉత్త ఆర్వో నీళ్లు మాత్రం వాడకూడదు. వాటిలో ఖనిజాలు దాదాపు ఉండవు కాబట్టి పీహెచ్ ఒక్కసారిగా పడిపోయే ప్రమాదం ఉంది. మున్సిపల్ నీళ్లయితే క్లోరిన్ పోవడానికి బకెట్లో గాలి పంపు పెట్టి ఒక రోజు ఉంచాలి, లేదా షాపులో దొరికే యాంటీ క్లోరిన్ చుక్కలు వేయాలి.

ఇంకో తప్పు కంటికి కనపడకుండా జరుగుతుంది. ఎండాకాలం ట్యాంకు నీళ్లు రోజూ ఆవిరవుతాయి. నీళ్లు ఆవిరవుతాయి గానీ ఉప్పులు ఆవిరి కావు. తగ్గినంత మేర మళ్లీ బోరు నీళ్లే పోస్తూ పోతే జూన్ నాటికి ట్యాంకులోని టీడీఎస్ బోరు కన్నా చాలా ఎక్కువ ఉంటుంది. ఆవిరైన నీటికి బదులు పోయాల్సింది ఆర్వో నీళ్లు. బోరు, ఆర్వో కలిపిన నీళ్లు వారానికోసారి నీళ్లు మార్చేటప్పటికి.

ఇసుక గురించి ఒక్క మాటే, కానీ ముఖ్యమైన మాట. ఇప్పుడు కట్టుబడికి ఎక్కడ చూసినా ఎం-శాండే వాడుతున్నారు. అది రాయిని పగలగొట్టి చేసింది, అంచులు పదునుగా ఉంటాయి. కోరీ నోట్లోకి ఇసుక తీసుకుని, తిండి ఏరుకుని, మిగతాది మొప్పల్లోంచి వదులుతుంది. దాని మీసాలే దానికి కళ్లూ ముక్కూ. పదునైన గులక మీద, కుళ్లిన చెత్త పేరుకున్న అడుగు మీద ఆ మీసాలు అరిగి మొండివైపోతాయి. సన్నగా జల్లెడ పట్టి, నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగిన ఏటి ఇసుక ఒక అంగుళం మందం చాలు.

‘రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయి’ అని ఊరికే అనలేదు. ఆ రోజుల్లో ట్యాంకును కాపాడేది టేబుల్ ఫ్యాను. మూత తీసేసి, పైన వల పరిచి, నీటి మీదికి గాలి తగిలేలా ఫ్యాను పెడితే ఆవిరి వల్ల రెండు, మూడు డిగ్రీలు దిగుతాయి. గాలి పొడిగా ఉన్న ఏప్రిల్, మే నెలల్లో ఇది బాగా పనిచేస్తుంది. జులై ఉక్కపోతలో తక్కువ. మధ్యాహ్నం మిద్దె మీది సింటెక్స్ నుంచి వచ్చే నీళ్లు చేతికే కాలుతుంటాయి, వాటితో నీళ్లు మార్చడం చేపలను వేడినీళ్లలో వేసినట్టే. ఎండాకాలం నీళ్లు మార్చే పని తెల్లవారుజామున పెట్టుకోవాలి. తిండి కూడా తగ్గించాలి. పై గదిలోని ట్యాంకును ఆ రెండు నెలలు కింది గదికి మార్చగలిగితే మిగతా ఉపాయాలన్నిటికన్నా అదే పెద్ద సాయం.

సెప్టెంబరు వస్తే కథ మారుతుంది. తిండి పెంచాల్సిన సమయం అది. ఫ్రీజర్‌లో పెట్టి అమ్మే బ్లడ్‌వార్మ్స్ అనే ఎర్ర పురుగులు, శుభ్రంగా కడిగి సన్నగా తరిగిన వానపాములు, మునిగే గుళికల తిండి మార్చి మార్చి వేయాలి. షాపుల్లో ప్రాణంతో దొరికే ట్యూబిఫెక్స్ పురుగులంటే కోరీలకు ప్రాణం. కానీ మురుగు నీటిలోంచి తెచ్చినవైతే రోగాలూ వాటితోపాటే వస్తాయి. నమ్మకమైన చోటు నుంచి కాకపోతే వదిలేయడమే మంచిది. తిండి వేసే వేళ రాత్రి లైటు ఆర్పిన తర్వాత. మిగతా చేపలు నిద్రలో ఉంటాయి, కోరీలకు పోటీ ఉండదు.

ఆరు నుంచి ఎనిమిది చేపల గుంపు కావాలి. ఒక ఆడచేపకు రెండు మగ చొప్పున ఉంటే మంచిది. ఆడా మగా తేడా పక్కనుంచి కన్నా పైనుంచి చూస్తే బాగా తెలుస్తుంది. ముందు రెక్కల దగ్గర వెడల్పుగా, గుండ్రంగా ఉంటే ఆడ. సన్నగా, కొంచెం చిన్నగా ఉంటే మగ. కడుపు కింది రెక్కలు ఆడచేపకు విసనకర్రలా వెడల్పు, మగచేపకు కోసుగా ఉంటాయి.

సొంత నేల మీద ఈ చేపలు వాన కోసం ఎందుకు ఆగుతాయి? ఎండాకాలంలో అక్కడి ఏర్లు కుంచించుకుపోయి, నీళ్లు వెచ్చగా, చిక్కగా మారతాయి. వాన పడ్డాక చల్లటి, ఉప్పు తక్కువైన కొత్త నీళ్లు వస్తాయి. నీళ్లు గట్లు దాటి అడవిలోకి పారతాయి, సన్నటి పురుగులు లెక్కలేనన్ని పుడతాయి. పిల్లలకు తిండి దొరికే కాలం అదే. అందుకే చల్లదనం, పలచటి నీళ్లు, నిండైన తిండి మూడూ కలిసినప్పుడు చేప గుడ్లు పెడుతుంది. మబ్బు పట్టి గాలి ఒత్తిడి తగ్గినప్పుడు కోరీలు త్వరగా స్పందిస్తాయని పెంపకందారుల అనుభవం. మనకైతే ఆ సూచన టీవీలోనే వస్తుంది: ‘బంగాళాఖాతంలో అల్పపీడనం, దక్షిణ కోస్తా, రాయలసీమల్లో విస్తారంగా వర్షాలు’. చిత్తూరు, తిరుపతి జిల్లాలకు ఈశాన్య రుతుపవనాల వానలు ఎంత ముఖ్యమో 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులైనప్పుడు దేశమంతా చూసింది.

ఆ వార్త విన్న సాయంత్రం నుంచే పని మొదలుపెట్టవచ్చు. ట్యాంకులో మూడో వంతు నుంచి సగం దాకా నీళ్లు తీసి, మూడు నుంచి ఐదు డిగ్రీలు చల్లగా, టీడీఎస్ తక్కువగా ఉన్న నీళ్లు మెల్లగా పోయాలి. వాన నీళ్లు పడితే ఇంకా బాగుంటుంది. మొదటి వాన వదిలేసి, మిద్దె మీది నుంచి కాకుండా నేరుగా బకెట్లో పట్టి, గుడ్డతో వడగట్టి, మామూలు నీళ్లతో సగం సగం కలుపుకోవాలి. గాలి పంపు వేగం పెంచాలి. మరుసటి రోజు, ఆ మరుసటి రోజు ఇదే. మూడు నాలుగు రోజుల్లో స్పందన లేకపోతే ఆపి, వారం బాగా తిండి పెట్టి, ఇంకో అల్పపీడనం కోసం చూడాలి. రోజూ వేధించడం వల్ల లాభం లేదు.

గుడ్లు పెట్టే ఉదయం చూడటానికి కూర్చోవాలి. ముందు మగచేపలు ఆడచేప వెంటపడి, దాని వీపు మీదా తల మీదా మీసాలతో రాసుకుంటూ ట్యాంకంతా తిరుగుతాయి. ఆడచేప మధ్యమధ్యలో ఆగి అద్దాన్నీ ఆకులనూ మూతితో తుడుస్తుంది. ఒక్కసారిగా ఒక మగచేప దాని ముందు అడ్డంగా నిలబడుతుంది. ఆడచేప మూతి మగచేప కడుపుకు ఆనుకుంటుంది. ఇంగ్లిషు టీ అక్షరంలా ఉండే ఆ భంగిమలో రెండూ కొన్ని క్షణాలు కదలవు. ఆ క్షణాల్లోనే ఆడచేప కడుపు కింది రెండు రెక్కలూ దగ్గరకు చేరి దోసిలిలా ముడుచుకుంటాయి, రెండో మూడో గుడ్లు ఆ దోసిలిలోకి జారతాయి. తర్వాత అది గుడ్లు పట్టుకుని పైకి ఈది, తుడిచి పెట్టుకున్న చోట పొట్టను అద్దానికి నొక్కుతుంది. గుడ్లు అక్కడ అంటుకుపోతాయి. కాసేపు ఆగి మళ్లీ మొదటినుంచి. ఇలా గంటల తరబడి.

ఆ టీ భంగిమలో ఏం జరుగుతోందో చాలాకాలం ఎవరికీ స్పష్టంగా తెలియలేదు. 1995లో కోహ్దా, ఆయన సహచరులు బ్రాంజ్ కోరీ మీద చేసిన పరిశోధన దానికి జవాబిచ్చింది. ఆడచేప మగచేప వీర్యాన్ని నోటితో తాగుతుంది. అది పేగులోంచి వేగంగా ప్రయాణించి, చెడకుండా, గుడ్లున్న దోసిలిలోకి విడుదలవుతుంది. మామూలుగా చేపలు నీటిలో గుడ్లు, వీర్యం పక్కపక్కనే వదులుతాయి, ఏటి ఒరవడిలో చాలా భాగం కొట్టుకుపోతుంది. కోరీ పద్ధతిలో ఆ వృథా లేదు, ఏ మగచేప వల్ల గుడ్లు ఫలించాలో ఆడచేపే తేల్చుకుంటుంది. మింగిన గాలిని అంత తేలిగ్గా వెనక్కి పంపే పేగే ఈ పనికీ వీలిచ్చి ఉండొచ్చు. రెండడుగుల గాజు పెట్టెలో, హాల్లో కాఫీ తాగుతూ చూడగలిగే ప్రకృతి రహస్యాల్లో ఇంతకన్నా అద్భుతమైనది అరుదు.

బ్రాంజ్, పెప్పర్డ్ ఒక విడతలో వంద పైనే గుడ్లు పెట్టవచ్చు. పాండా పాతిక దరిదాపుల్లో పెడుతుంది. పెట్టడం పూర్తికాగానే పెద్ద చేపల కన్ను గుడ్ల మీద పడుతుంది, కాబట్టి ఆ రోజే తీసేయాలి. పెట్టిన గంటకు గుడ్డు పెంకు గట్టిపడుతుంది. అప్పుడు వేలి కొసతో నెమ్మదిగా దొర్లిస్తే చాలు, పాత ఏటీఎం కార్డు అంచుతో కూడా వస్తాయి. అదే ట్యాంకు నీళ్లు పోసిన చిన్న ప్లాస్టిక్ డబ్బాలో వేసి, డబ్బాను ట్యాంకులోనే తేలేలా కడితే రెండిటి ఉష్ణోగ్రత ఒకటిగా ఉంటుంది. పక్కన సన్నగా గాలి బుడగలు రావాలి. గుడ్ల చుట్టూ నీళ్లు కదులుతూ ఉండాలి గానీ గుడ్లు ఎగరకూడదు.

ఇక్కడి శత్రువు బూజు. ఫలించని గుడ్డు ఒకటి రెండు రోజుల్లో తెల్లబడి, దూదిలా బూజు పట్టి, పక్కనున్న మంచి గుడ్డునూ పట్టుకుంటుంది. మంచి గుడ్డు రోజురోజుకీ ముదురు గోధుమ రంగుకు తిరుగుతుంది, మూడో రోజు లోపల నల్లటి కళ్ల చుక్కలు కనిపిస్తాయి. తెల్లబడ్డ ప్రతి గుడ్డునూ డ్రాపరుతో పూటపూటకూ తీసేయాలి. మిథిలీన్ బ్లూ అనే నీలం మందు ఒకటి రెండు చుక్కలు, నీళ్లు లేత నీలంగా మారేంత వేయడం అందరూ చేసేది. అది డబ్బాకే పరిమితం కావాలి, ట్యాంకులో పడితే ఫిల్టరులోని మంచి బాక్టీరియాను దెబ్బతీస్తుంది. మందు వద్దనుకునేవాళ్లకు బాదం ఆకు ఉంది. తిరుపతిలో ఏ స్కూలు ఆవరణలో చూసినా నాటు బాదం చెట్టు ఉంటుంది. పురుగుమందు కొట్టని చెట్టు కింద ఎర్రబడి రాలి ఎండిన ఆకు కడిగి వేస్తే నీళ్లు పలచటి టీ రంగుకు వస్తాయి. ఆకులోని టానిన్లు బూజును కొంతవరకు అదుపు చేస్తాయి. విదేశాల్లో ప్యాకెట్లలో పెట్టి డబ్బులకు అమ్మే ఆకు ఇదే.

24 నుంచి 26 డిగ్రీల్లో మూడు నుంచి ఐదు రోజులకు పిల్లలు వస్తాయి. అర సెంటీమీటరు పొడవు, పొట్ట కింద పచ్చసొన సంచి, తోకకప్పలా పెద్ద తల. రెండు మూడు రోజులు ఆ సంచే వాటికి ఆహారం, అప్పుడు తిండి వేస్తే నీళ్లు పాడవడం తప్ప ప్రయోజనం లేదు.

గుడ్లు పొదిగించినవాళ్లలో చాలామంది ఓడిపోయేది ఆ తర్వాతి మూడు వారాల్లో. నూరు పిల్లలు పుట్టి, పదో రోజుకు పది మిగులుతాయి. కారణం తెలియక నీళ్లలో ఏదో దోషం అనుకుంటారు. కారణం అడుగునే ఉంటుంది. కోరీ పిల్ల మిగతా చేపపిల్లల్లా నీటి మధ్యలో ఈదదు, రోజంతా పొట్టను నేలకు ఆనించి ఉంటుంది. తినగా మిగిలిన తిండి, చచ్చిన పురుగులు చేరేది కూడా ఆ నేల మీదే. డబ్బా అడుగున వేలితో రాస్తే జారుడుగా ఒక పొర తగులుతుంది, అది బాక్టీరియా పొర. ఎదగని పొట్టా మీసాలూ దానికి ఆనుకుని ఉంటే పుండ్లు పడి పిల్లలు పోతాయి. రోజూ ఆ పొరను దూదితో తుడిచి, సన్నటి ఎయిర్ ట్యూబుతో చెత్త లాగి, మూడో వంతు నీళ్లు మార్చాలి. లాగే నీళ్లు తెల్లటి బకెట్లోకి పట్టాలి, పొరపాటున పిల్ల వచ్చేసినా తెల్లటి అడుగున నల్లటి చుక్కలా కనిపిస్తుంది. మార్చే నీళ్లు ట్యాంకు నుంచే తీసుకుంటే ఉష్ణోగ్రత, టీడీఎస్ తేడా రాదు. వారం తర్వాత డబ్బాలోంచి పది, పదిహేను లీటర్ల టబ్బులోకి మార్చి, నాలుగంగుళాల లోతు నీళ్లు, పాత ట్యాంకులో కొన్నాళ్లుగా నడిచిన స్పాంజ్ ఫిల్టరు, అడుగున పలచగా ఇసుక పెట్టాలి. కొత్త ఫిల్టరు ఇక్కడ పనికిరాదు, దానిలో బాక్టీరియా ఇంకా పుట్టి ఉండదు.

తిండి విషయంలో మన వాతావరణం మొదటిసారి మనవైపు ఉంటుంది. అప్పుడే పొదిగిన ఆర్టీమియా (ఉప్పునీటిలో పెరిగే, రొయ్యలాంటి చిన్న ప్రాణి) పిల్లలు కోరీ పిల్లలకు అన్నిటికన్నా మంచి ఆహారం. నెల్లూరు, ప్రకాశం తీరంలోని రొయ్యల హ్యాచరీలకు టిన్నుల్లో వచ్చేవి వాటి గుడ్లే. లీటరు నీళ్లకు 25 నుంచి 30 గ్రాముల రాళ్ల ఉప్పు, ఖాళీ కూల్‌డ్రింక్ సీసా తలకిందులుగా, అడుగునుంచి గట్టిగా గాలి. 28 డిగ్రీల్లో ఒక రోజుకు పొదుగుతాయి. చలి దేశాల్లో దీనికోసం విడిగా హీటర్ పెట్టుకుంటారు, ఇక్కడ డిసెంబరులో తప్ప వంటింటి మూల సరిపోతుంది. గాలి ఆపి పది నిమిషాలు ఉంచితే పెంకులు పైకి తేలుతాయి, నారింజ రంగు పిల్లలు కిందికి చేరతాయి. వాటిని సన్నటి గుడ్డలో వడగట్టి, మంచినీళ్లతో కడిగి వేయాలి. మంచినీటిలో అవి కొన్ని గంటలే బతుకుతాయి కాబట్టి కొంచెం కొంచెంగా, రోజుకు మూడు నాలుగు సార్లు. తిన్న పిల్ల పొట్ట నారింజ చుక్కలా మెరుస్తుంది, భూతద్దం లేకుండానే కనిపిస్తుంది. ఆర్టీమియా టిన్ను ఖర్చు భారమనుకుంటే ఓట్స్ జావలో పెంచే మైక్రోవార్మ్స్ అనే సన్నటి పురుగులు ఉన్నాయి. చలికాలంలో అవి బాగా పెరుగుతాయి, ఫిబ్రవరి దాటాక జావ త్వరగా పులిసి కంపు కొడుతుంది కాబట్టి వారం వారం కొత్త డబ్బాకు మార్చాలి.

నాలుగు వారాలకు పిల్లలకు ఎముక పలకలు, మచ్చలు ఏర్పడి పెద్దవాటి చిన్న రూపంలా తయారవుతాయి. నవంబరులో పుట్టినవి సంక్రాంతికి రెండు సెంటీమీటర్ల దరిదాపుల్లో ఉంటాయి. అప్పటికి చాలా ఇళ్లలో చోటు సమస్య మొదలవుతుంది. తెలిసినవాళ్లకు ఇవ్వవచ్చు, షాపుకు ఇచ్చి తిండి తెచ్చుకోవచ్చు. చెరువులోనో, గుడి కోనేట్లోనో వదలడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు. కోస్తా చెరువుల్లో రైతులు ‘డెవిల్ ఫిష్’ అని తల పట్టుకుంటున్నది అక్వేరియంలలో పెంచే సక్కర్ క్యాట్‌ఫిష్‌నే. అది కూడా దక్షిణ అమెరికా నుంచి గాజు తొట్టెల కోసం వచ్చిందే.

అన్నిటినీ ఇచ్చేయకుండా పది, పన్నెండు పిల్లలను అట్టిపెట్టుకోవాలి. ఫిబ్రవరి నుంచి నీళ్లు ఒక్కో డిగ్రీ ఎక్కుతాయి. రోహిణి కార్తె నాటికి వాటికి ఆరు నెలలు నిండుతాయి. ఆ ఎండలోనూ పూర్తిగా తిని, మీసాలు నిలుపుకుని, పొట్ట నిండుగా ఉన్నవి ఏవో అప్పుడు తెలుస్తుంది. వాటినే తర్వాతి గుంపుకు ఎంచుకోవాలి. కొళత్తూరు నుంచి కొత్తగా తెచ్చిన చేపల కన్నా ఈ ఊరి నీళ్లు, ఈ ఊరి వేడి చూసిన ఈ చేపలే మేలు. మళ్లీ స్వాతి కార్తె వచ్చేసరికి ఏడాది దగ్గర పడి గుడ్లు పెట్టే వయసుకు వస్తాయి.